సూపర్‌మార్కెట్ క్రోసాంట్లు సెలవు రోజు టిఫిన్‌కి బాగుంటాయా?

వారమంతా ఉరుకులు పరుగులు, ఆదివారం పొద్దున పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు, సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన డబ్బా క్రోసాంట్లేమో (పిండి, వెన్న పొరలుగా మడిచి కాల్చే ఫ్రెంచ్ తినుబండారం) మెత్తగా సాగుతున్నాయి, వీటిని ఇష్టంగా తినే దారేదైనా ఉందా అని అడిగారు.

ఉంది. పది నిమిషాలు కూడా పట్టదు. మా ఇంట్లో చాలా ఆదివారాలు వీటితోనే మొదలవుతాయి. బేకరీకి వెళ్లే ఓపిక లేక తినేవి కావు, నాకు ఇవంటే నిజంగానే ఇష్టం.

డబ్బాలోంచి తీసి అలాగే తినకండి. ఓవెన్ 160 డిగ్రీలకు వేడెక్కాక, క్రోసాంట్లను ఒకదానికొకటి తగలకుండా జాలీ మీద పెట్టి ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉంచండి. ఫాయిల్ చుట్టొద్దు. చుడితే ఆవిరి బయటికి పోక పైపొర ఇంకా మెత్తబడుతుంది. తీశాక రెండు మూడు నిమిషాలు ఆగండి. ఇల్లంతా వెన్న వాసన కమ్మేస్తుంటే ఆగడం కష్టమే, కానీ పైపొర పెళుసుగా అయ్యేది అలా చల్లారేటప్పుడే.

ఇంత చిన్న పనితో అంత తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతావన్నీ మీరే తేల్చుకోగలరు. క్రోసాంట్ కాల్చిన రోజు బయట పొడిగా, లోపల తడిగా ఉంటుంది. మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో గంటలు గడిచేకొద్దీ లోపలి తేమ పైకి చేరి ఆ కరకర పోతుంది. మరోవైపు లోపలి స్టార్చ్ మెల్లగా గట్టిపడుతుంది. బ్రెడ్ ఒకటి రెండు రోజులకు బిరుసెక్కేది కూడా ఇందుకే. దాదాపు 60 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే ఆ స్టార్చ్ మళ్లీ మెత్తబడుతుంది, పై తేమ ఎగిరిపోతుంది, గడ్డకట్టిన వెన్న కరుగుతుంది. మూడూ ఒకేసారి జరుగుతాయి. అయితే ఈ మేలు ఎక్కువసేపు నిలవదు. చల్లారితే మళ్లీ గట్టిపడతాయి, రెండోసారి వేడి చేస్తే ఎండిపోతాయి. అందుకే అప్పటికప్పుడు తినేవే ఓవెన్‌లో పెట్టండి.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. స్టార్చ్ అన్నిటికంటే వేగంగా గట్టిపడేది ఆ చల్లదనంలోనే. మర్నాడే తినేవైతే కాగితపు సంచిలో పెట్టి బయటే ఉంచండి. ఆ తర్వాతకైతే గాలి చొరబడని సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. కరిగేదాకా ఆగక్కర్లేదు, గడ్డగా ఉన్నవాటినే ఓవెన్‌లోకి ఎక్కించి పది నిమిషాల దాకా ఉంచితే సరిపోతుంది. నేను శనివారం సాయంత్రం సరుకులతో పాటు తెచ్చి, ఎక్కువైనవి వెంటనే ఫ్రీజర్‌లో వేసేస్తాను.

మైక్రోవేవ్‌కి నేను ఒప్పుకోను. ముందు స్పాంజిలా మెత్తగా అయి, రెండు నిమిషాల్లో తోలులా సాగుతుంది. ఎయిర్ ఫ్రయర్ బాగానే పనిచేస్తుంది, 150 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు చాలు. పైకొసలు త్వరగా మాడతాయి కాబట్టి దగ్గరే ఉండండి. ఏదీ లేకపోతే మందపాటి పెనం, బాగా సన్నటి మంట, పైన కొంచెం తెరిచి పెట్టిన మూత. అడుగు బాగా కరకరలాడుతుంది, పైన అంత రాదు, అయినా డబ్బాలోంచి తీసి తినడం కంటే ఎన్నో రెట్లు నయం.

ఇక కొనడం దగ్గరికి వస్తే, అసలు రుచి అక్కడే సగం తేలిపోతుంది. లేబుల్ మీద పిండి తర్వాత వెన్న పేరు కనిపించాలి. మంచి వెన్న క్రోసాంట్‌లో బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా వెన్నే ఉంటుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అంటే నోట్లో పెట్టుకోగానే. పొరల పిండి కోసం తయారుచేసే మార్గరీన్ (వెన్న బదులు వాడే, నూనెలతో చేసిన కొవ్వు) అంతకంటే ఎక్కువ వేడికి గాని కరగదు. తిన్నాక అంగిలికి మైనంలా అంటుకునే జిడ్డు అదే, ఓవెన్‌లో ఎంతసేపు పెట్టినా అది మారదు. ఫ్రాన్స్‌లో వెన్నతో చేసినవాటిని తిన్నగా, మార్గరీన్‌తో చేసినవాటిని నెలవంకలా మలిచే వాడుక ఉంది గానీ, మిగతాచోట్ల ఆకారాన్ని నమ్మొద్దు, లేబుల్ చదవండి. చేతిలోకి తీసుకుంటే సైజుకి తేలిగ్గా ఉండాలి, రంగు ముదురు గోధుమగా ఉండాలి. డబ్బా అడుగున పెచ్చులు రాలి ఉంటే మంచిదే, పొరలు సరిగ్గా వచ్చాయన్నమాట.

ఇంట్లో మొదటి నుంచీ చేసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. పిండిలో వెన్న పెట్టి మూడు మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే 27 వెన్న పొరలు వస్తాయి, ప్రతి మడత తర్వాత పిండిని చల్లబరచాలి, చివర్లో పొంగనివ్వాలి. ముందురోజే మొదలుపెట్టాల్సిన పని అది, బద్ధకపు ఆదివారానికి దానికీ పొసగదు. ఫ్యాక్టరీ సరుకని చిన్నచూపు కూడా అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో బేకరీ అని బోర్డు పెట్టుకోవాలంటే బ్రెడ్‌ని అక్కడే తయారుచేయాలని 1998లో చట్టం చేశారు, కానీ అది క్రోసాంట్లకు వర్తించదు. అక్కడ కూడా ఫ్రోజెన్‌వి తెచ్చి కాల్చి అమ్మే బేకరీలు చాలానే ఉన్నాయి.

పక్కన ఏం పెట్టుకోవాలంటే, మొదటిది ఉత్తదే తినండి. పైన ఇంకా వెన్న రాయడం నాకు అనవసరమనిపిస్తుంది, లోపల కావలసినంత ఉంది. కొంచెం పులుపున్న జామ్, చక్కెర తక్కువ వేసిన చిక్కటి కాఫీ ఉంటే చాలు. కొసలు కాఫీలో ముంచుకుని తినడం నాకు మరీ ఇష్టం.

రెండు రోజులైపోయినవి మిగిలితే పారేయొద్దు. బాదం క్రోసాంట్లు పుట్టిందే నిన్నటివి వాడుకోవడానికి. 50 గ్రాముల చొప్పున వెన్న, చక్కెర, బాదంపొడి, ఒక గుడ్డు కలిపితే నాలుగింటికి సరిపోయే ముద్ద వస్తుంది. క్రోసాంట్‌ని అడ్డంగా కోసి, చక్కెర పాకం పలచగా చల్లి, ముద్ద కొంత లోపల, కొంత పైన రాసి 180 డిగ్రీల దగ్గర పావుగంట కాల్చండి.

మీవి ఏ రకమో రాయలేదు. విడివిడిగా కవర్లలో వచ్చే, వారాల తరబడి నిలవుండేవైతే మూడు నిమిషాలు చాలు. వాటిలో సాధారణంగా తీపి ఎక్కువ, తొందరగా నల్లబడతాయి. అవి మొదటి నుంచీ మెత్తగా ఉండేలా చేసినవి కాబట్టి పెద్దగా కరకరలాడవు. వచ్చే వారం వాటి బదులు స్టోర్‌లో ఆరోజు కాల్చినవి తెచ్చి చూడండి.