36 ఫోటోల రీలుకి 72 ఫోటోలు: పాత పెన్ ఎఫ్ ఇప్పుడు వాడొచ్చా?

తాతగారి ఒలింపస్ పెన్ ఎఫ్ బీరువాలో దొరికింది, పనికొస్తుందా అని అడిగారు. తప్పకుండా వాడండి. 1963లో వచ్చిన ఈ బుల్లి ఎస్‌ఎల్‌ఆర్‌కి (లెన్సులోంచే చూసి ఫోటో తీసే కెమెరా) మామూలు 35 ఎంఎం రీలే సరిపోతుంది, కాకపోతే ఫ్రేము సగమే, 18×24 మిల్లీమీటర్లు. అందుకే 72 ఫోటోలు. మామూలుగా పట్టుకుంటే ఫోటో నిలువుగా వస్తుంది. ప్రకాశం బ్యారేజీ పొడుగంతా కావాలంటే కెమెరాని నిలబెట్టాలి. వెలుతురు కొలిచే మీటరు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. బెజవాడ ఎండలో 200 స్పీడు ఫిల్ముకి లెన్సు రంధ్రం ఎఫ్ 16, షట్టరు సెకనులో 250వ వంతు పెడితే చాలు.

ముందు లెన్సులోంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, అంటే బూజు. నేనో లెన్సుని వానాకాలమంతా తోలు కేసులోనే వదిలేసి అలాగే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాచండి.