పులసకు ఇంగ్లీషు విశేషణం

ప్రశ్న: మాస్టారూ, పోటీ పరీక్షల మోడల్ పేపర్‌లో 'హిల్సా ఈజ్ యాన్ అనాడ్రమస్ ఫిష్' అని చూశాను. 'మైగ్రేటరీ' అన్నా ఇదే కదా అంటున్నారు మా ఫ్రెండ్స్. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరొచ్చేవాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ మాట వాడొచ్చా?
- డిగ్రీ విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: అమ్మా, ఈ మాట అర్థం మీ ఇంట్లోనే ఉంది. హిల్సా అంటే మన పులసే. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వరదనీటికి ఎదురీది గోదారి ఎక్కితే పులస. ఎందుకు ఎక్కుతుందో తెలియాలంటే, ఈసారి మీ అమ్మగారు పులస కోసేటప్పుడు పక్కన కూర్చో. చాలాసార్లు కడుపు నిండా జన ఉంటుంది. ఆ గుడ్లు మంచినీళ్ళలో పెట్టడానికే అంత ప్రయాణం. పిల్లలు నదిలో పుట్టి, మళ్ళీ సముద్రానికి పోయి పెరుగుతాయి. ఇలా ఉప్పునీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కే చేపనే అనాడ్రమస్ అంటారు. సాల్మన్ కూడా అలాంటిదే.

గ్రీకులో 'అనా' అంటే పైకి, 'డ్రోమోస్' అంటే పరుగు. ఏరోడ్రోమ్‌లో ఉన్నదీ ఆ పరుగే. 'వికటకవి' లాంటి మాటల్ని ఇంగ్లీషులో పాలిండ్రోమ్ అంటారు చూడు, అందులోనూ అదే, వెనక్కి పరుగు. పలికేటప్పుడు రెండో అక్షరాన్ని ఒత్తి, 'అన్యాడ్రమస్' అన్నట్టు పలకాలి.

మైగ్రేటరీ అంటే వలస వెళ్ళేది ఏదైనా, దాని అర్థం విశాలం. శీతాకాలంలో కొల్లేటికి వచ్చే పక్షులూ మైగ్రేటరీయే, కానీ అనాడ్రమస్ కావు.

ఇక్కడ నీకొకటి గట్టిగా చెప్పాలి. నా చిన్నప్పుడు తొలకరి వాన పడిన రాత్రి, పొలంగట్టు గండి దగ్గర చేపలు పట్టే మావు పెట్టేవాళ్ళం. కాలవలోంచి చేపలు ఎదురెక్కి టపటపా పడేవి. ఎదురెక్కడం మాట ఎంత బాగుందో! అయినా ఆ చేపల్ని అనాడ్రమస్ అనకూడదు. అవి మంచినీళ్ళలోంచి మంచినీళ్ళలోకే ఎక్కాయి. ఎదురీత ఒక్కటే చాలదు, సముద్రంలోంచి రావాలి, గుడ్ల కోసం రావాలి. తెలుగులో ఒక్క మాటతో చెప్పాలంటే నేనైతే 'ఏరెక్కే చేప' అంటాను. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళు కూడా ఇలాంటి మాటలు వాడితే పిల్లలకి ఎంత తేలికో!

వాడుక సులువే. 'అనాడ్రమస్ ఫిష్' అనొచ్చు, 'పులస ఈజ్ అనాడ్రమస్' అనొచ్చు. ముందు 'మోర్', 'వెరీ' చేర్చకు. దీనికి ఎక్కువ తక్కువలుండవు.

పండక్కి ఊరొచ్చేవాళ్ళకి మాత్రం వాడకు. ఇది జీవశాస్త్రం మాట. వాళ్ళని 'కమ్ హోమ్' అంటే చాలు, అందులోనే ఆప్యాయత ఉంది.

దీనికి తిరగేసిన మాట కటాడ్రమస్. గ్రీకులో 'కటా' అంటే కిందికి. మలుగుపాము మంచినీళ్ళలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి దిగుతుంది. ఆ మాట దానిది.