కెమెరా కొనే ముందు పది నిమిషాల చిత్రం

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయి నల్లగొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఊళ్ల మీద డాక్యుమెంటరీలు తీస్తానని, లక్షన్నర పెట్టి కెమెరా కొనివ్వమని పట్టుబడుతున్నాడు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ కెమెరా ఇప్పుడే కొనకండి, డిగ్రీ మాన్పించకండి. ఈ ఏడాది ఫోనుతోనే పది నిమిషాల చిత్రం ఒకటి పూర్తి చేయమనండి. డబ్బు పెట్టాల్సింది కాలరుకు తగిలించే మైకు మీద. కొత్తవాళ్ల చిత్రాలు ఎక్కువగా చెడేది బొమ్మ బాగోలేక కాదు, మాట వినబడక. ఇంట్లో ఫ్యాను, పక్కన బోరు మోటారు రికార్డయ్యాక వాటిని తీసేయబోతే మనిషి గొంతు కూడా పాడవుతుంది. అందుకే ముందే ఆపించాలి. మాటలయ్యాక అందరూ కదలకుండా కూర్చుని అక్కడి నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకోవాలి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. ట్యూబ్‌లైటు కింద షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే సమయం) 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెట్టకపోతే తెరమీద చారలు కదులుతాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

ఇక విషయం. ఆ ఊళ్లకు కెమెరాలు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లను దగ్గరగా చూపించి వెళ్లిపోవడం ఆ మనుషులకు చేసే అవమానం. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక కథ మారింది. బోరు నీళ్లు ఇంకా ఎవరు తాగుతున్నారు, ఎందుకు? వంగిన ఎముక మంచినీళ్లతో నిటారు కాదు కదా, అట్లాంటి పెద్దమనిషి రోజు ఎట్ల గడుస్తుంది? ఒక్క ఇంటిని పట్టుకుని ఎండాకాలం, వానాకాలం రెండూ తిరగాలి. మొదటిసారి కెమెరా తీయకుండా పోవాలి. చిత్రం ఎక్కడెక్కడ చూపిస్తారో చెప్పి, ఒప్పుకుంటున్నట్టు వాళ్ల నోటితోనే రికార్డు చేసుకోవాలి, పిల్లలైతే అమ్మానాన్నలతో.

ఫ్లోరైడ్ ఎక్కువుందని తెరమీద చెప్పాలంటే నీళ్ల పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి, గాజు సీసాలో లెక్క తప్పొచ్చు.

చదువు సంగతి: పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో మూడేళ్ల కోర్సుల్లో చాలావాటికి ఏ డిగ్రీ అయినా చాలు, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. సౌండ్ విభాగానికి ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్ కూడా మంచి దారి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళలు కెమెరా పట్టి తమ ఎవుసం మీద చిత్రాలు తీశారు, అవి తప్పక చూడమనండి.

మొదటి ఐదారేళ్లు డాక్యుమెంటరీ ఒక్కదానితో ఇల్లు నడవడం కష్టం. ఎడిటింగో, సౌండో ఒక పని గట్టిగా వస్తే పెళ్లిళ్ల వీడియోల నుంచి సంస్థల చిత్రాల దాకా చేతి నిండా పని దొరుకుతుంది. పది నిమిషాల చిత్రం అయ్యాక, ఫోను ఎక్కడ చాలలేదో అతనే చెప్పగలిగితే కెమెరా గురించి మాట్లాడుకోండి. అప్పుడూ కొనక్కర్లేదు, హైదరాబాద్‌లో రోజు అద్దెకు దొరుకుతాయి.