పరుగెత్తే పిల్లల మడమలు పట్టుకునే క్యాటిల్ డాగ్: సమాధానం

పిల్లలు పరుగెత్తగానే మీ ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ వారి మడమలు పట్టుకోవడానికి కారణం బహుశా జాతి లక్షణమే. మొరాయించే పశువులను మడమ దగ్గర కొరికి కదిలించేందుకే 19వ శతాబ్దంలో డింగో (ఆస్ట్రేలియా అడవి కుక్క) రక్తం కలిపి ఈ జాతిని రూపొందించారు.

1. చాలామంది కుక్క కరిచాక దాని మీద అరుస్తారు, అది పరుగుకు మరింత ఊపునిస్తుంది. కుక్క తల దించి, ఒళ్లు వంచి, కన్నార్పకుండా చూస్తున్నప్పుడే, ఇంకా అడుగు కదపకముందే పేరు పెట్టి పిలిచి, మీవైపు తిరగగానే మాంసం ముక్క పెట్టండి.
2. ఇది అలవాటయ్యేదాకా పొడవాటి తాడు విప్పకండి. పిల్లలతో ఒంటరిగా వదలకండి.
3. వెనుక నుంచి పిలిస్తే ఎప్పుడూ తిరగకపోతే పశువైద్యునితో వినికిడి పరీక్ష చేయించండి. ఈ జాతిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. దాన్ని మొండితనమని తిట్టడం అన్యాయం.