మా సంఘం ఒడిశా సరిహద్దు గిరిజన గ్రామాల్లో సేవ మొదలుపెట్టాలనుకుంటోంది. ఏ ఊళ్ళు ఎంచుకోవాలి?

బ్రదర్, వందనాలు. శ్రీకాకుళం జిల్లాలోని మీ సంఘం యువకులు రాయగడ, గజపతి జిల్లాల సవర, కోదు గ్రామాలకు వెళ్ళి దుప్పట్లు పంచాలని, ఒక రోజు వైద్య శిబిరం పెట్టి సాయంత్రం సువార్త కూడిక జరపాలని అనుకుంటున్నట్టు రాశారు. ఏ ఊళ్ళు మంచివి, నెలకు ఎన్ని తిరగొచ్చు అని అడిగారు.

నేను గుణుపూర్‌లో తెలుగు ఇంట్లో పుట్టినదాన్ని. నర్సింగ్ చదివి, ఈ కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రి గ్రామ ఆరోగ్య విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను. ఊళ్ళ జాబితా పక్కన పెట్టండి, ఒక్క ఊరు చాలు. అక్కడ ఏం చేసినా ఊరంతటికీ చేయండి. విశ్వాసుల ఇళ్ళకు మాత్రమే చేసే మేలు చాలాసార్లు ఆ విశ్వాసులకే ముప్పు తెస్తుంది.

పుట్టాసింగి వైపు కొండ మీద ఒక సవర ఊరుంది. పేరు రాస్తే వాళ్ళకు ఇబ్బంది, అందుకే రాయను. సుమారు సగం ఇళ్ళవాళ్ళు మండలిలో, అంటే చర్చిలో, ఉన్నారు, మిగతా సగం తాతల నాటి దేవతలను కొలుస్తారు. సొంత అన్నదమ్ములే అటొకరు ఇటొకరు. వేసవిలో ఆడవాళ్ళు ఊట దాకా దిగి, బిందె నిండేదాకా కూర్చుని, మళ్ళీ ఎక్కి వచ్చేసరికి పొద్దెక్కిపోయేది. మైదానం నుంచి వచ్చిన ఒక బృందం అది చూసి, మంచి మనసుతోనే, బోరు వేయించింది. వేయించింది మాత్రం చర్చి వాకిట్లో. దాతల పేర్లతో, ఒక వాక్యంతో రాతిఫలకం కూడా పెట్టారు.

అవతలి వీధివాళ్ళు ఆ నీళ్ళకు రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, అయినా ఆ ఫలకం ముందు బిందె పెట్టడానికి వాళ్ళకు మనసొప్పలేదు. అది మండలి బోరు అయిపోయింది. హ్యాండిల్ గొలుసు తెగినప్పుడు పంచాయతీలో చెబితే, వేయించినవాళ్ళనే అడగండి అన్నారు. వేయించినవాళ్ళు అప్పటికి వేరే ఊళ్ళో ఇంకో ఫలకం పనిలో ఉన్నారు. ఆ బోరు తుప్పు పట్టింది, ఊళ్ళో రెండు వీధుల మధ్య మాటలు తగ్గాయి. పెళ్ళికి పిలుపులు కూడా ఆగాయి. నీళ్ళ కోసం వచ్చిన డబ్బు అన్నదమ్ముల మధ్య గోడ కట్టి పోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత అదే ఊరికి కొండ ఊట నుంచి పైపు లైను వచ్చింది. కరెంటు అక్కర్లేదు, ఊట ఎత్తులో ఉంది కాబట్టి నీరు దానంతట అదే ట్యాంకులోకి దిగుతుంది. పైపులు దొరకడం తేలికే, ఊరిని ఒక్క చోట కూర్చోబెట్టడమే కష్టమైంది. ఒక వానాకాలం నుంచి మరుసటి వానాకాలం దాకా కూర్చున్నారు. ఊట పక్కన చెట్టు కింద దేవత ఉంది, అక్కడ గడ్డపార పడాలంటే ముందు పూజ జరగాలి. మండలి పెద్దలు పూజకు చందా ఇవ్వలేమన్నారు, అది వాళ్ళ మనస్సాక్షి. పూజ అయిన మరునాడు పైపులు మోసే పనికి తామే ముందు దిగుతామన్నారు. అవతలి వీధి పెద్ద ఒక రోజంతా ఆలోచించి సరే అన్నాడు. కాలువ తవ్వడానికి ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చాడు. ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇంటి వంతు పక్కింటివాళ్ళు తవ్వారు. కుళాయిలు చర్చి ముందూ కాదు, దేవత ముందూ కాదు, రెండు వీధుల మధ్య దారిలో పెట్టాలని పట్టుబట్టింది ఆడవాళ్ళే. మరమ్మతుల కోసం ఇంటికి ఇంతని నెలనెలా జమ చేస్తున్నారు. వాషర్లు మార్చడం ఇద్దరు అమ్మాయిలు నేర్చుకున్నారు, ఒకరు ఈ వీధి, ఒకరు ఆ వీధి.

ఈ పద్ధతి చర్చిల్లో పుట్టింది కాదు. బరంపురం దగ్గర మోహుదా కేంద్రంగా 1979 నుంచి పనిచేస్తున్న గ్రామ్ వికాస్ సంస్థ నీటి పథకాలకు పెట్టిన నియమం ఇదే: ఊళ్ళో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలవుతుంది, ఒక్క ఇల్లు బయట ఉన్నా ఆగుతుంది. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, కుళాయి. కులం వల్లో పేదరికం వల్లో విడిగా ఉన్న ఇల్లు కూడా లెక్కలోకి రావాల్సిందే. అది మత సంస్థ కాదు. అయినా సంఘంలో ఉన్నవాళ్ళం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మన వైపు కూడా మంచి దారి చూపినవాళ్ళున్నారు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు 1882లో ఈ జయపురం సంస్థానం ప్రాంతానికి వచ్చారు. ఇప్పటి జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ పని నుంచి పుట్టిందే. కెనడా బాప్టిస్టులు కాకినాడ, శ్రీకాకుళం వైపు తెలుగువాళ్ళ మధ్య పని చేస్తూ పర్లాకిమిడి మీదుగా సవర కొండలకు ఎక్కారు, సెరంగో ఆసుపత్రి వాళ్ళ చలవే. బిస్సంకటక్‌లో డెన్మార్క్ డాక్టర్ లిస్ మాడ్సన్ 1954లో మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి నియంగిరి కొండల పక్కనే ఇవాళ్టికీ నడుస్తోంది. దాని గ్రామ విభాగం మిత్ర చుట్టుపక్కల ఊళ్ళలో ఆరోగ్యంతో పాటు, కోదు పిల్లలకు వాళ్ళ కువి భాషలోనే మొదలయ్యే చదువు మీద కూడా పనిచేసింది. వీలైతే మీ వాళ్ళను ముందు అక్కడికి పంపండి, ఏమీ పంచకుండా, చూసి రావడానికి. భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకరిని తలుచుకోవాలి. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న మన గిడుగు రామమూర్తిగారు ఏ మిషన్‌కీ చెందినవారు కాదు. సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, సవర నిఘంటువు తయారుచేశారు. మీ పక్క ఊరి మనిషి లాంటి ఆయన చేసింది చూశాక, నేర్చుకోవడం కుదరదు అనే మాట మనకు చెల్లదు.

ఇక వైద్య శిబిరం. ఒక రోజు శిబిరంలో బి కాంప్లెక్సు, దగ్గు మందు, పది రోజుల బీపీ మాత్రలు ఇస్తారు. పదకొండో రోజున ఆ బీపీ మనిషి ఎక్కడికి వెళ్ళాలి? ఈ కొండల్లో పిల్లలను ఎక్కువగా తీసుకుపోయిన జబ్బు ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా. అది శిబిరం తేదీ చూసుకుని రాదు. ఏళ్ళ తరబడి దోమలు కుట్టిన పెద్దవాళ్ళ ఒంట్లో అది జ్వరం లేకుండానే ఉంటుంది, అక్కడి నుంచి దోమ పసిపిల్లకు చేరుస్తుంది. అందుకే 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన దమన్ కార్యక్రమంలో మారుమూల ఊళ్ళలో జ్వరం లేనివాళ్ళకీ రక్తం చూసి మందు ఇస్తారు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది, మాత్రలు ఉంటాయి. లేనిదల్లా తోడు. మూడు రోజులు వేయాల్సిన మందు రెండో రోజుకే బిడ్డ లేచి ఆడుకుంటే ఆపేస్తారు. మిగిలిన మాత్రలు ఇంకో బిడ్డ కోసం దాస్తారు. ఆ తల్లి తప్పేమీ లేదు, మళ్ళీ దొరుకుతాయో లేదోనన్న భయం. మూడో రోజున ఆ గడపకు వెళ్ళి, చోడి అంబలి పట్టించి, చివరి మోతాదు మింగించే మనిషి కావాలి. మీ పదిమందిలో ఒకరు ఒక ఏడాది ఆ మనిషి అయితే, మీరు పెట్టే శిబిరాలన్నిటికంటే ఎక్కువ మంది పిల్లలు బతుకుతారని నమ్ముతున్నాను.

దుప్పట్లు అసలే వద్దనడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద విరుచుకుపడినప్పుడు, కొండచరియలు విరిగి ఊళ్ళు దెబ్బతిన్నప్పుడు, ముందు అందిన బియ్యం, టార్పాలిను, దుప్పటి దేవుడు పంపినట్టే ఉంటాయి. ఆపదలో అడగకుండా ఇవ్వాలి. మామూలు ఏడాదిలో మాత్రం పంచుకుంటూ పోతే జనం వరుసలో నిలబడటం నేర్చుకుంటారు, అంతే.

సువార్త గురించి. నేను విశ్వాసిని, దాచుకోను. ఎందుకొచ్చావమ్మా మా కొండకి అని ఎవరైనా అడిగితే చెబుతాను. అడగనివాళ్ళకు మందు ఇచ్చి నా దారిన వెళ్తాను. యేసు ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే తిరిగి వచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థత ఆయన వెనక్కి తీసుకోలేదు. బియ్యం మూటకూ ప్రార్థనకూ ముడి పెట్టడం నా దృష్టిలో ఆ ప్రభువుకే అవమానం. అందుకే పంపిణీ, కూడిక ఒకే రోజు, ఒకే చోట పెట్టకండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడం ఒడిశాలో 1967 చట్టం ప్రకారం నేరం. సుప్రీంకోర్టు 1977లో ఆ చట్టం చెల్లుతుందంది. 1989 నియమాల ప్రకారం మారే మనిషి మేజిస్ట్రేటు ముందు ప్రకటన ఇవ్వాలి, బాప్తిస్మం ఇచ్చే పాస్టరు పదిహేను రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. మీ దుప్పటిని ప్రలోభం అనడానికి ఒక్క ఫోటో చాలు. ఇంకొకటి, చాలామంది చెప్పకుండా దాటవేసేది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి వస్తే ఎస్సీ హోదా పోతుంది. ఎస్టీలకు అలా పోదు. కొండ మీద సవర కుటుంబానికి, అదే ఊరి చివర ఉండే ఎస్సీ డొంబు కుటుంబానికి బాప్తిస్మం ఖరీదు ఒకటి కాదు. డొంబు ఇంటి పిల్లవాడి స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు దాని మీద ఆధారపడి ఉంటాయి. ఆ సంగతి ముందే చెప్పని పాస్టరు వాళ్ళకు నిజం పూర్తిగా చెప్పనట్టే.

ఫోటోల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంతమంది రక్షించబడ్డారు అని పిల్లల ముఖాలతో వాట్సాప్‌లో పెట్టకండి. గజపతికి ఆనుకునే కందమాల్ ఉంది. 2008లో అక్కడ ఇళ్ళు, చర్చిలు తగలబడి వేలమంది సహాయ శిబిరాల పాలయ్యారు. మీరు పోస్టు పెట్టి బస్సెక్కి వెళ్ళిపోతారు. ఊళ్ళో ఉండాల్సింది వాళ్ళు.

విదేశాల్లో ఉన్న మీ సంఘ సభ్యులు డబ్బు పంపుతామన్నారని కూడా రాశారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు; విదేశీ పౌరసత్వం తీసుకున్న సభ్యులు పంపేది ఆ లెక్కలోకే వస్తుంది. 2020 సవరణ తర్వాత, నమోదు ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును మీకు మళ్ళించలేదు. మీ సంఘం కానుకలతోనే మొదలుపెట్టండి, పైన చెప్పిన పనులకు పెద్ద డబ్బు అక్కర్లేదు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కొండ ఎక్కకుండానే మీరు చేయగల పని మీ ఇళ్ళ దగ్గరే ఉంది. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని పిల్లాపాపలతో ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు ప్రతి ఏడూ తెలుగు రాష్ట్రాలకు దిగుతాయి. ఒడియాలో దీన్ని దాదన్ అంటారు. మా గజపతి, రాయగడ కుర్రాళ్ళు కట్టడం పనులకు విశాఖ, కేరళ పోతారు. బట్టీ దగ్గర వాళ్ళకు తెలుగు రాదు. కూలి లెక్క తెలుగులో రాస్తారు, ఆసుపత్రి చీటీ తెలుగులో ఉంటుంది, అంగన్వాడీ ఆయాతో మాట్లాడాలంటే తెలుగు కావాలి. కొండ మీద మీ తెలుగు పెద్దగా పనికిరాదు, బట్టీ దగ్గర అదే ప్రాణాధారం. ఒడిశా రేషను కార్డుతో ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. గర్భిణికి టీకా ఎక్కడ వేస్తారో తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఊరి బట్టీకి వెళ్ళి, లెక్క పుస్తకం చదివి వినిపించండి. జ్వరం వచ్చిన బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. వర్షాలకు ముందు వాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు ఏ ఊరు అని అడిగి రాసుకోండి. మీరు ఎంచుకోవాల్సిన ఊరి పేరు మీకు అలా దొరుకుతుంది. ఆ ఊళ్ళో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు అప్పటికే ఉంటారు.

వెళ్ళేటప్పుడు పదిహేను మంది వ్యాను వేసుకుని వెళ్ళకండి, ఇద్దరే వెళ్ళండి. వానలు వెలిశాక, కోతలు అయ్యాక వెళితే జనానికి కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. ముందు ఆశా దీదీని, సర్పంచ్‌ని, ఊరి పెద్దను కలవండి, పాస్టరుగారింటికి తర్వాత వెళ్ళండి. రాత్రి ఆ ఊళ్ళోనే ఉండండి, వాళ్ళు తినేదే తినండి. ఆ ఇద్దరిలో ఒకరికైనా ఒడియా చదవడం వచ్చి ఉంటే చాలా మంచిది, ఎందుకంటే మొదటి రోజే ఎవరో ఒకరు ట్రంకుపెట్టెలోంచి కాగితాల కట్ట తెచ్చి మీ ముందు పెడతారు.