34 స్లైడ్లూ, రెండు గుప్పిళ్ల జీడిపప్పూ

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పలాస. ఇక్కడే ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా సూపర్‌వైజర్ని. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పోయిన నెల మా ఓనరు గారు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన కొత్త పార్ట్‌నరు, అప్పు ఇచ్చే బ్యాంకు ఆఫీసరు కూర్చున్న మీటింగులో, పప్పు ఎందుకు ఎక్కువగా విరిగిపోతోందో ప్రెజెంటేషన్ ఇమ్మన్నారు. రెండు రాత్రులు కూర్చుని 34 స్లైడ్లు చేశాను. ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారో అక్కణ్నుంచి మొదలెట్టాను. తొమ్మిదో స్లైడుకే పార్ట్‌నరు గారు ఫోను తీశారు. నేను తెర వైపు తిరిగి చదువుకుంటూ పోయాను. మధ్యలో ‘పిక్కలు బేగి కోసేస్తన్నారు’ అనేశాను. ఆయన నవ్వారు. ఆ తరువాత నోరు పెగల్లేదు. వచ్చే నెల మళ్లీ చెప్పాలట. ఇప్పట్నుంచే టెన్షన్. ఇంగ్లీషు కోచింగులో చేరమంటారా?
తా.క. పిక్కలు ఉడికించాక రాత్రంతా చల్లారబెట్టడానికి ఇంకో షెడ్డు ఉంటే సమస్య తీరుతుందని నా ఉద్దేశం.
– ఒక సూపర్‌వైజర్, పలాస

జవాబు: కోచింగు వద్దు బాబూ. అంటే ఇంగ్లీషు వద్దని కాదు, నేర్చుకోండి, పనికొస్తుంది. కానీ వచ్చే నెల మీటింగుకి అది మందు కాదు. ఆ గదిలో కూర్చున్న ముగ్గురికీ తెలుగు వచ్చు కదా!

మీ ఉత్తరంలో అసలు సంగతి ఎక్కడుందో చూసుకున్నారా? తాజా కలంలో. షెడ్డు కావాలి. ఆ ముక్క 34 స్లైడ్లలో ఎన్నో దాంట్లో ఉందో మీరు రాయలేదు గానీ, చివరి రెండు మూడింట్లో ఉండి ఉంటుందని పందెం కాస్తాను. పార్ట్‌నరు గారు అప్పటికి మెయిళ్లన్నీ చూసేసి ఉంటారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ అదే పని చేశాను. 1994లో నేను బ్యాంకులో చిన్న ఆఫీసర్ని, విజయనగరం దగ్గర ఒక సంత ఊరి బ్రాంచిలో. రీజనల్ మీటింగులో బ్రాంచి ఇబ్బందుల మీద మాట్లాడమన్నారు. అప్పట్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఉండేది. పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకుని, ఒక్కోటీ లైటు మీద పెట్టాలి. 22 షీట్లు రాశాను. నంబర్లు వేయలేదు. ఎండాకాలం, నెత్తి మీద ఫ్యాను ఫుల్లులో ఉంది. మూడో షీటు పెడుతుంటే మిగతావన్నీ లేచిపోయాయి. అటెండరు ఏరి ఇచ్చాడు గానీ ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. డిపాజిట్ల షీటు తలకిందులుగా పెట్టి రెండు నిమిషాలు మాట్లాడానట, తరువాత చెప్పారు. చివరికి పెద్ద సారు, ‘అమ్మా, ఇంతకీ నీకేం కావాలి?’ అన్నారు. ‘సోమవారం సంత సార్, ఆ ఒక్క రోజుకి ఇంకో క్లర్కు కావాలి’ అన్నాను. ‘ఇదేదో మొదటే చెప్పొచ్చు కదా’ అన్నారు. మూడు నెలలకి క్లర్కు వచ్చాడు. ఆ షీట్లు మా అమ్మ అటక మీద డబ్బాలకి మూతలుగా వాడింది.

అందుకని ముందు ఒక కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాయండి: ‘ఉడికించిన పిక్కల్ని ఒక రాత్రి చల్లారనిచ్చాకే కటింగుకి పంపాలి, దానికి మనకి ఇంకో షెడ్డు కావాలి.’ మీ మొదటి వాక్యం ఇదే. ఫ్యాక్టరీ చరిత్ర ఓనరు గారికి మీకన్నా బాగా తెలుసు. వేడి మీద కోస్తే పప్పు ఎలా విరుగుతుందో మాత్రం మీకే తెలుసు.

ఇక చూపించడం. మీ చేతిలో ఉన్న సరుకు ప్రపంచంలో ఏ కంప్యూటరు మనిషికీ ఉండదు. రెండు చిన్న గిన్నెలు తీసుకెళ్లండి. ఒకదాంట్లో రాత్రి చల్లారాక కోసిన పప్పు, ఇంకోదాంట్లో ఉడికిన పూటే కోసింది. రెండూ ఒకే బస్తాలోవి, వంద పిక్కల చొప్పున, వాళ్లు వచ్చే ముందు రోజే కోయించినవి. మాట్లాడకుండా బల్ల మీద పెట్టండి. గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని పార్ట్‌నరు గారినే ఏరమనండి. ఆయన వేళ్లకి పప్పు పొడి అంటుకున్నాక ఫోను ముట్టుకోరు. అప్పుడు మూడు స్లైడ్లు చాలు. మొదటిది: గుండు కిలో ధర, బద్ద కిలో ధర, పక్కపక్కన పెద్ద అంకెల్లో, మీ సొంత లెక్క పుస్తకంలోంచి. రెండో స్లైడు షెడ్డు ఖర్చు. మూడోది ఆ ఖర్చు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో. మూడూ అయ్యాక ఇంకోటి ఏదైనా పెట్టాలని చెయ్యి దురద పెడితే లేచి టీ తాగి రండి.

10-20-30 అని ఒక సూత్రం చెబుతారు. అమెరికాలో గై కవాసాకి అనే పెట్టుబడిదారు పెట్టింది. పది స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్ల సైజుకి తగ్గని అక్షరం. మీకు పది ఎక్కువే. అక్షరం మాట మాత్రం పట్టించుకోండి. మీటింగుల్లో కూర్చునే పెద్దవాళ్లలో సగంమందికి చత్వారం, కళ్లజోడు జేబులోనే ఉంటుంది.

ఇంకోటి. ‘డబ్ల్యూ 320’, ‘డబ్ల్యూ 240’ అని గ్రేడ్లు గబగబా చదివేసి ఉంటారు. బ్యాంకు ఆయనకి అవి బస్సు నంబర్లలా వినిపిస్తాయి. 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని, నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దదని ఒక్క ముక్క చెప్పండి. తెలిసినవాళ్లు ఏమీ అనుకోరు. తెలియనివాళ్లు అడగలేక కూర్చుంటారు.

మధ్యలో మనుషుల్ని తట్టి లేపడం కూడా మనకి కొత్త విద్య కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్పిన విజయనగరం మాది. 1919లో పెట్టిన ఇక్కడి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. కథ కాస్త బరువెక్కగానే దాసులు ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అంటారు, జనం ‘హరి’ అని అందుకుంటారు. ఊరికే వినేవాడు కునుకుతాడు, బదులు పలికేవాడు మేలుకుంటాడు. మీ గిన్నెలు ఆ పనే చేస్తాయి.

‘బేగి’ సంగతి. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినం చేసుకుంటున్నాం. బేగి అనండి. ఈసారి ఎవరైనా నవ్వితే మీరూ నవ్వి, ‘బేగి అంటే త్వరగా సార్, ఆ త్వర వల్లే ఇన్ని ముక్కలు’ అని గిన్నె చూపించండి. అయితే యాస వేరు, గొణుగుడు వేరు. వాక్యం చివర గొంతు మింగేస్తే ఏ యాసైనా అర్థం కాదు. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, భరించాలి. ఆ తరువాత కటింగు సెక్షన్లో పెద్దామె ఎవరైనా ఉంటే ఆవిడ ముందు నిలబడి చెప్పండి. తప్పు ఎక్కడుందో మొహం మీదే చెబుతుంది.

చేతులు వణికితే కాగితం పట్టుకోకండి, అది ఇంకా పెద్దగా వణుకుతుంది. గిన్నె పట్టుకోండి. మొదటి రెండు వాక్యాలు మాత్రమే బట్టీ పట్టండి. తెలియని ప్రశ్న వస్తే, ‘రేపు సాయంత్రానికి చెబుతాను సార్’ అని ఆయన చూస్తుండగానే రాసుకోండి. నిజంగానే చెప్పండి.

షెడ్డు సంగతి ఏమైందో రాయండి.

ప్రశ్న: నేను రాజాంలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. తెలుగులో చేసిన స్లైడ్లు మీటింగు హాల్లో కంప్యూటరులో పెడితే అన్నీ పిచ్చి గీతలు వచ్చాయి. అందరిలో పరువు పోయింది.
– ఒక సోదరి, రాజాం

జవాబు: మీరు డీటీపీ వాళ్లు వాడే పాత ఫాంటులో టైపు చేయించి ఉంటారమ్మా. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు అలాగే తగలడతాయి. యూనికోడ్‌లో టైపు చేయండి. ఫోనులో తెలుగు కొట్టేది అదే. స్లైడ్లకి ఒక పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవులో పెట్టుకోండి, అది ఏ కంప్యూటరులోనైనా మీరు చేసినట్టే కనిపిస్తుంది. అరగంట ముందే వెళ్లి ఒకసారి వేసి చూసుకోండి. ప్రొజెక్టరు వైరు మీ ల్యాప్‌టాప్‌కి సరిపోతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. పవర్‌పాయింట్ నడుస్తుండగా కీబోర్డు మీద ‘బి’ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. జనం తెర వదిలి మీ మొహం చూడాలనుకున్నప్పుడు నొక్కండి. ఈ ‘బి’ సంగతి నాకు రిటైరయ్యే ఏడాది తెలిసింది.