కొనమని చెప్పేవాళ్ళలో నిజంగా వాడినవాళ్ళు ఎవరో ఎలా తెలుస్తుంది?

మిక్సీ కొందామని తెలుగు వీడియోలు బోలెడు చూశారు, దాదాపు అందరూ ఒకే కంపెనీది సూపర్ అంటున్నారు, అమెజాన్‌లో రేటింగూ బాగానే ఉంది, అయినా ఎందుకో నమ్మబుద్ధి కావట్లేదు, వీళ్ళలో నిజంగా వాడి చెప్పేవాళ్ళెవరు, డబ్బులు తీసుకుని చెప్పేవాళ్ళెవరు అని అడిగారు కదా. మీ అనుమానం కరెక్టే అండి. మా వదినకి భీమవరంలో వంటల ఛానెల్ ఉంది, పెద్దదేం కాదు, కానీ దానికొచ్చే మెయిల్సూ వాట్సాప్ మెసేజీలూ చూసేది నేనే, కాబట్టి అవతలి వైపు సంగతి కొంచెం దగ్గర్నుంచే చూశాను.

ఓసారి ఒక కంపెనీ తరఫున ఏజెన్సీ వాళ్ళు మెసేజ్ పెట్టారు. వస్తువు ఫ్రీ, పైన కొంత డబ్బు. ఇక షరతులు చూడండి, ప్రమోషన్ అనే మాట ఎక్కడా రాకూడదట, మా ఇంట్లో ఎప్పట్నుంచో వాడుతున్నాం అన్నట్టు మాట్లాడాలట, అప్‌లోడ్ చేసేముందు వీడియో వాళ్ళకి చూపించాలట. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఏంటంటే, జనం నమ్మాలి కాబట్టి ఒక మైనస్ కూడా చెప్పమన్నారు, ఆ మైనస్ ఏంటో కూడా వాళ్ళే రాసి పంపారు: వైరు కొంచెం పొట్టిగా ఉంది అని. వదిన చేయనంది. తర్వాత కొన్నాళ్ళకి వేరే ఛానెల్స్‌లో అదే వస్తువు, అదే వైరు మాట. మైనస్ చెప్పారు కదా నిజాయితీగా ఉన్నారు అనుకుని కింద కామెంట్లలో మెచ్చుకుంటున్నారు జనం, పాపం.

అందుకే నేను మైనస్ చెప్పారా లేదా అని చూడను, ఎలాంటి మైనస్ చెప్పారో చూస్తాను. మిక్సీ నిజంగా వాడినవాళ్ళ నోట్లోంచి వచ్చే మాటలు వేరేగా ఉంటాయి. చట్నీ జార్‌లో కొబ్బరి కొంచెమే వేస్తే బ్లేడ్‌కి అందకుండా గోడలకి అంటుకుపోతోంది, నాన్చిన మినపప్పు ఎక్కువేస్తే ఆగిపోయి అడుగునున్న ఎర్ర బటన్ నొక్కాల్సి వస్తోంది, మూత వాషర్ వదులైపోయింది, జార్ కింద బ్లేడ్ ఇరుసు పట్టి ఉండే బుష్ దగ్గర కారుతోంది, జార్‌ని మోటార్‌కి కలిపే కప్లర్ పళ్ళు అరిగిపోయాయి, ఇలా. ఇవి పెట్టె విప్పిన రోజు ఎవరికీ తెలియవు. 750 వాట్లు, కాపర్ మోటార్, స్టీల్ బ్లేడ్లు అని పది నిమిషాలు చెప్పారంటే అది అట్టపెట్టె మీద ఉన్నదే చదివినట్టు. ఇంకోటి గమనించండి, పిండి తిప్పేటప్పుడు సరిగ్గా అప్పుడే మ్యూజిక్ పెడతారు. మిక్సీ కొనేవాడికి ముందు తెలియాల్సింది ఎంత మోత పెడుతుందనే కదా, అది వినిపించకుండా చేసే రివ్యూని నేను అక్కడితో ఆపేస్తా.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. యాడ్స్ వాళ్ళ సొంత సంస్థ ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లు యాడ్ అని స్పష్టంగా రాయాలని గైడ్‌లైన్స్ పెట్టింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది, డబ్బే కాదు వస్తువు ఫ్రీగా తీసుకున్నా చెప్పి తీరాలి, అది కూడా హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచేయకుండా. తప్పుదోవ పట్టించే యాడ్ అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద చెప్పినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. కానీ భీమవరం సైజు ఛానెల్స్‌ని ఎవరు చూస్తారండీ, ఆ ఏజెన్సీ ధైర్యం కూడా అదే.

డిస్క్రిప్షన్‌లో లింక్ ఉంటే వెంటనే మోసం అనుకోవద్దు. అమెజాన్ లింక్ అక్షరాల్లో tag= అని ఉంటే మీరు కొన్నప్పుడు వాళ్ళకి కమీషన్ వస్తుంది, నాలుగు కంపెనీల లింకులు ఇచ్చి ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పేవాళ్ళకి ఒకదాన్నే అమ్మాలన్న తొందర తక్కువ. వాళ్ళ పేరుతో డిస్కౌంట్ కూపన్ కోడ్ ఉందనుకోండి, అది వేరే లెక్క, అది చాలావరకు కంపెనీతో నేరుగా మాట్లాడుకున్నదే.

అమెజాన్ రివ్యూల్లో వెరిఫైడ్ పర్చేజ్ అని ఉంటే చాలు అనుకుంటారు, చాలదు. డబ్బాలో చిన్న కార్డు వస్తుంది చూడండి, 5 స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ ఈ నంబర్‌కి పంపండి క్యాష్‌బ్యాక్ ఇస్తాం అని, అలా రాసినవాళ్ళూ నిజంగా కొన్నవాళ్ళే. టెలిగ్రామ్ గ్రూపుల్లో అయితే కొని 5 స్టార్లు పెడితే మొత్తం డబ్బు వెనక్కి వేసేస్తారు. అందుకని నేను 5 స్టార్లవి వదిలేసి లేటెస్ట్‌వి పైకి వచ్చేలా పెట్టుకుని 2, 3 స్టార్లవి చదువుతా, జనం పెట్టిన ఫోటోలు చూస్తా. పసుపు మరక పడ్డ జారు, వెనకాల గ్యాస్ బండ, అలాంటి ఫోటో ఉంటే ఆ రివ్యూ పూర్తిగా చదువుతా. ఫోటోల్లో వేరే మోడల్ కనిపిస్తే పాత వస్తువు రివ్యూలు కొత్తదానికి తగిలించారని అర్థం, ఇక ఆ రేటింగ్‌కి విలువ లేదు.

మిక్సీ అయితే పోతే నాలుగు వేలు పోతాయి, కానీ ఇదే పద్ధతిలో బెట్టింగ్ యాప్‌లు కూడా అమ్మారు మన తెలుగువాళ్ళకి. నేను ఆడి గెలిచా అని చెప్పినవాళ్ళని నమ్మి ఎంతమంది అప్పులపాలయ్యారో మీకూ తెలుసు, 2025 మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ళ మీద కేసులు పెట్టేదాకా వెళ్ళింది.

మీ విషయానికొస్తే, మీ ఊళ్ళో మిక్సీలు బాగుచేసే షాపు ఉంటుంది కదా, అక్కడికి వెళ్ళి ఏ కంపెనీ మంచిది అని అడక్కండి, ఎక్కువ అమ్ముడయ్యేదే రిపేర్‌కీ ఎక్కువ వస్తుంది కాబట్టి ఆ జవాబు తికమకగా ఉంటుంది. ఫలానా మోడల్‌కి కప్లరూ జారూ ఇక్కడ దొరుకుతాయా, ఎంతవుతుంది అని అడగండి. మా వీధి చివర ఆయన ఒక మోడల్ పేరు చెప్పగానే దానికి జార్ కంపెనీ నుంచే తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేను అన్నాడు, ఆ ముక్క ఒక్క వీడియోలోనూ లేదు. మీరు రోజూ ఇడ్లీ పిండి రుబ్బుతారా, లేక పొడులూ పచ్చళ్ళకేనా, ఇంట్లో ఎంతమంది ఉంటారు, అవి కింద రాయండి, దాన్నిబట్టి ఎన్ని వాట్లు సరిపోతాయో చెప్తాను.